దీపాధ్యాయం

“మా స్వామి ఈ మాట యాడ రాసినాడో చూపించప్పా! లేకుంటే అబద్ధమని రాసియ్యి.”

లెక్చరర్ తిప్పేస్వామి అచ్చువేయించిన కరపత్రాన్ని సంజీవరాయుడు అతని ముందే విసిరికొట్టాడు. పెనుకొండ నుంచి జీపులో వెంటవచ్చిన ఆశ్రమం మనుషులు హిందూపురం వీధిలో, లెక్చరర్ ఇంటి గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నారు. ఆశ్రమం స్వామి రాసిన పుస్తకం మూటను ఒళ్లో పెట్టుకుని రాయుడి చెల్లెలు ఓబులమ్మ గోడవారగా కూర్చుంది.

కరపత్రంలో ఆ వాక్యం పెద్దక్షరాల్లో ఉంది: ‘మగడు లేని ఆడది ముట్టిన దీపం దేవుడికి చేరదు.’

తిప్పేస్వామి గుమ్మంలోని మనుషుల వైపు ఒకసారి చూశాడు. “దీపాధ్యాయంలో ఉండాదన్నా. పుస్తకం తీసి చూడు.”

“పుస్తకమెందుకు? గురువారం గురువారం మా ఇంట్లో ఆ అధ్యాయం చదివేది నేనే. నాకంతా నోటికొచ్చు.”

“అయితే చెప్పన్నా.”

రాయుడు కళ్లు మూసుకుని అలవాటైన రాగంలో అందుకున్నాడు. మాటలు వాటంతటవే దొర్లుకొచ్చాయి. వత్తి సంగతి అయింది, నూనె సంగతి అయింది. “మగడు లేని ఆడది ముట్టిన...”

కళ్లు తెరిచి చెల్లెలి వైపు చూశాడు.

మొగుడు పోయినప్పటినుంచీ ఓబులమ్మ ఆయన ఇంట్లోనే ఉంటోంది. ప్రతి గురువారం సరిగ్గా ఈ చోటికి రాగానే, గుగ్గిళ్లు తెస్తానంటూ లేచి వంటింట్లోకి వెళ్లేది. ఎంత పనిమంతురాలో అని ఆయన మురిసిపోయేవాడు.

“ఆపినావేమన్నా? చదువు,” అంది ఓబులమ్మ. “ఈడ నేను పోయి నిలబడేకి వంటిల్లు లేదు.”