గింజల డబ్బా

వానకి హాలు పైకప్పులోంచి నీళ్లు ధార కట్టాయి.

"బకెట్! ఇంకో బకెట్!" ఇల్లాలు అరిచింది.

కోటల మీద మోజుతో నూరేళ్ల కిందట ఓ వ్యాపారి కట్టించిన ఇల్లది. వీధి వైపు ఉత్తుత్తి బురుజులు, కమాను కిటికీలు. హాలు పైకప్పు నడిమధ్య సున్నంతో చేసిన పెద్ద పువ్వు. ఆ పువ్వును చూడ్డానికే పాత కట్టడాల అధికారిణి వస్తోంది. ఆవిడ సరేనంటే ఇక ఇంటిని ఎవరూ కూల్చలేరు.

"వదినా, బిల్డర్‌కి ఫోన్ కొట్టేయనా?" అన్నాడు మరిది, సోఫాలో కాళ్లు పైకి ముడుచుకుని.

"ఇదంతా నీ పనే! ఇల్లు అమ్మించాలని, మేడ మీద నీళ్లు పోయే గొట్టంలో గుడ్డలు కుక్కావు కదూ?"

"నేనా? మేడ మెట్ల గేటు తాళంచెవి నీ దగ్గరేగా ఉంది!"

నిజమే. ఆ తాళం వేసింది పావురాలాయన బాధ పడలేకే.

వెనకసందు లోంచి ఆ ఇనప మెట్లెక్కి రోజూ మేడ మీదికి వచ్చేవాడు, ఎవరో ముసలాయన. చేతిలో మూత డబ్బా, పొడుగు గరిటె.

"పావురాలకి గరిటెతో వడ్డనలా? రెట్టలు మీరొచ్చి కడుగుతారా?" అని ఆమె ఓ రోజు దులిపేసింది.

"వాటికి కాదమ్మా... మా ఇల్లు కూడా ఇలాగే కప్పు కారి..."

"మీ ఇంటి గోల నాకెందుకండీ? దిగండి!"

డబ్బా, గరిటె అక్కడే వదిలేసి దిగిపోయాడు. తరవాత రెండుసార్లు గేటు దగ్గర నిలబడి వెళ్లాడు. మళ్లీ కనిపించలేదు.

తడిసి ముద్దయిన ప్లంబరు పైనుంచి దిగివచ్చాడు.

"గొట్టం నిండా ఆకులూ ఈకలూనమ్మా. లాగేశాను."

"గుడ్డలో?"

"గుడ్డలేం లేవు."

"విన్నావా వదినా!"

"నువ్వు నోర్ముయ్. ఆ చేతిలో ఏంటయ్యా?"

"డబ్బా, గరిటె. పైన మూల దొరికాయమ్మా."

"పావురాల గింజలే. అవతల పారెయ్."

"గింజలెక్కడివమ్మా?" ప్లంబరు మూత తీశాడు.

ఎండిన ఆకులు. ఈకలు. గరిటెకి అంటుకుని గట్టిపడిన గొట్టం మట్టి.

ఆమె గరిటె అందుకుని ఆ మట్టిని గోటితో గీకి చూసింది.

ఫెళ్లుమంటూ పువ్వు సగం ఊడి నేలమీద పడింది. గుమ్మంలో గొడుగు ముడుస్తున్న అధికారిణి అక్కడే ఆగిపోయింది.

"అయ్యయ్యో! ఎవరండీ దీనికి కారణం?"

ఏదో అనబోయిన మరిది వదిన ముఖం చూసి తగ్గాడు.

"నేనే" అందామె. "ఇన్నాళ్లూ ఈ ఇంటిని కాపాడిన మనిషిని నేనే తరిమేశాను."