గింజల జావ

బాదం, అవిసె, గుమ్మడి గింజలు దంచి కాచిన వేడి జావను నాగసుబ్బయ్య గిన్నెతో సహా భార్య మొహాన కొట్టాడు.

"సంగటి ముద్ద ముట్టి ఏడాదాయ! పెడతావా, సస్తావా?" అంటూ ఓబులమ్మ జుట్టు పట్టుకుని తలను గోడకు మోదాడు.

నెత్తురు కొంగుతో తుడుచుకుని ఆమె మళ్లీ గింజలు రోట్లో పోసింది. "నీకు షుగరుండాది. ఇదే తినాల."

అతను రోకలి ఎత్తాడు.

"మా యన్నను నువ్వు నరికింది ఈడనే, కూటికాడ. వాని చేతిలో సంగటి ముద్ద ఉన్నింది. అదన్నా తిననిస్తివా?" అంది ఓబులమ్మ.

ఎత్తిన రోకలి మెల్లగా నేలకు దిగింది. నాగసుబ్బయ్య పీట మీద కూలబడ్డాడు.

'షుగరు తగ్గింది, రోజూ ఒక ముద్ద సంగటి తినొచ్చు' అని పులివెందుల డాక్టరు నిన్న తన చేతికి రాసిచ్చిన చీటీని పొయ్యిలో వేసి, ఓబులమ్మ ఆ మంట మీదనే జావ కాచింది.