గాలి లేని రోజు

కంచె కర్రకి కట్టిన ఎర్ర రిబ్బను కదలకుండా వేలాడుతోంది.

మోంటానాలో గాలి లేని రోజు దొరకడం కష్టం. గురి సరిచూసుకోవడానికి అలాంటి రోజు కోసమే ఆగాం.

నాలుగు వందల గజాల అవతల, ఆ కర్రకే మేకు కొట్టిన అట్ట. మా అన్న లోవెల్ కాల్చిన తూటాల్లో ఒకటి కింద పడింది, ఒకటి ఎడమకి పోయింది. ఒకటి అట్టకే తగల్లేదు.

"తుపాకీ మీది దుర్భిణి కదిలింది," అన్నాడు.

మళ్ళీ విప్పాడు. పికప్ బానెట్ మీద దుప్పటి పరిచి, తుపాకీ మీద రసమట్టం పెట్టి, బుడగ మధ్యకి వచ్చేదాకా ఊపిరి బిగబట్టి మరలు కొంచెం కొంచెంగా బిగించాడు. అంత ఓపిక అతనికి మనుషులతో ఎప్పుడూ లేదు.

మోకాళ్ళు బాగున్నన్నాళ్ళు అన్న పాక్కుంటూ, జింక నెమరు వేసే చప్పుడు వినబడేంత దగ్గరికి వెళ్ళేవాడు. మోకాళ్ళు పోయాక ఈ పెద్ద తుపాకీ కొన్నాడు. చాలా దూరం కొడుతుంది. పేల్చినప్పుడల్లా గుర్రం తన్నినట్టు భుజాన్ని తంతుంది.

"ఆ తుపాకీకి చేసే సేవ మోకాళ్ళకి చేసుంటే ఈపాటికి కొండెక్కి దిగేవాడివి," అని పొద్దున్న మేం బయల్దేరుతుంటే వదిన డోరిన్ బట్టలారేస్తూ అంది.

పోయినేడు దీంతోనే ఎదురుకొండ మీది మగజింకని కొట్టాడు. ముందుకాలు విరిగింది. చీకటి పడేదాకా నెత్తుటి చుక్కల వెంట తిరిగాం. దొరకలేదు.

అది చావనూ లేదు. మూడు కాళ్ళతో ఆ కొండ మీదే తిరుగుతోంది. అన్న వంటింటి కిటికీ దగ్గర కూర్చుని దాన్నే చూస్తుంటాడు.

మంచు పడితే నక్కలు దాన్ని బతికుండగానే పీక్కుతింటాయి. వేటకి సీజన్ తెరవగానే తనే, ఒక్క తూటాతో, దాని బాధ తీర్చాలని అన్న పట్టు.

మరలు బిగించి, మళ్ళీ బానెట్ మీదికి వంగి గురి పెట్టాడు.

ఈసారి తూటా నేను ఎక్కిస్తానన్నాను. కన్ను దుర్భిణి మీంచి తియ్యొద్దన్నాను.

బోల్ట్ వెనక్కి లాగి ముందుకి తోశాను. తూటా నా గుప్పిట్లోనే ఉంది.

అన్న ఊపిరి వదిలాడు. ట్రిగ్గర్ నొక్కాడు.

టిక్కుమంది, అంతే.

పేలని తుపాకీ మూతి మాత్రం కిందికి పొడిచింది. తన్నుకి జడిసి అన్న భుజం ముందే ముడుచుకుపోయింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

చాలాసేపు తెరవలేదు.

చిన్నప్పుడు తుపాకీకి బెదిరే నాకు, ఇలాగే తూటా లేకుండా అందించి, నా బెదురు నాకు చూపించింది అతనే.

"నేను నేర్పిందే నా మీద ప్రయోగించావుట్రా," అన్నాడు తలెత్తకుండా.

"ఊఁ."

"మళ్ళీ పెట్టు. ఉందో లేదో చెప్పకు."

పెట్టాను. ఒకసారి తూటా, ఒకసారి ఖాళీ, మళ్ళీ ఖాళీ. ఖాళీగా ఉన్న ప్రతిసారీ మూతి కిందికి పొడిచింది.

ఎండ ఎక్కాక ఇక పెట్టమనలేదు. మిగిలిన తూటాలు ఏరి డబ్బాలో వేసుకున్నాడు. దూరంగా రిబ్బను వైపు చూశాడు. అది అలాగే ఉంది.

దారిలో ఒక్కసారే మాట్లాడాడు.

"నా పాత తుపాకీ తీసుకుని ఆ కొండ నువ్వెక్కు. దూరం నుంచి కొట్టకు. నెమరు వినబడేంత దగ్గరికి వెళ్ళు."

సరేనన్నాను.

ఇంటికొచ్చేసరికి వదిన వంటింట్లో ఉంది. గురి కుదిరిందా అని అడిగింది.

అన్న టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. కిటికీ దగ్గరి కుర్చీని పక్కకి జరిపి, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

"గాలి ఎక్కువగా ఉందొదినా," అన్నాను.

వదిన కిటికీలోంచి చూసింది. తీగ మీద అన్న చొక్కాలు నిలువుగా, కదలకుండా వేలాడుతున్నాయి.

"ఇక్కడా బాగానే వీచింది," అంది, కాఫీ కప్పులు అందుకుంటూ.