చెవుల కొలత

సికింద్రాబాదు డాక్టరు ఎనిమిదేళ్ల హజీరా చెవులను టేపుతో మళ్లీ కొలిచాడు.

“మాటలు రాని గిట్లాంటి పిల్లలకు మొఖంలనే గుర్తులుంటయమ్మా. చెవులు చూడు, ఎంత పెద్దగున్నయో!”

పిల్ల తల్లి ఖమర్ బీకి ఒళ్లు మండింది. అల్వాల్ నుంచి రావడం ఇది మూడోసారి. వచ్చినప్పుడల్లా కొలతలే.

“గవి మా ఆయన చెవులు సాబ్! ఆయనకేం రోగముంది?”

నిజాం మీద పోలీస్ యాక్షన్ అయినప్పటి నుంచీ కుచ్చు రూమీ టోపీ పెట్టుకోవడం మానేసిన ఆమె భర్త షంషీర్ వట్టి తల వంచుకున్నాడు.

“నాకు సుత ఏడేండ్ల దాకా మాటలు రాలే,” అన్నాడు నేలకేసి చూస్తూ.

ఖమర్ బీ భర్త వైపు తిరిగింది. పన్నెండేళ్ల కాపురంలో ఆయన తన కళ్లలోకి చూసి మాట్లాడిందెన్నడు? సిగ్గనుకుంది ఇన్నాళ్లూ.

డాక్టరు హుషారుగా షంషీర్ చెవి దగ్గరికి టేపు తెచ్చాడు. ఆమె దాన్ని లాక్కుంది.

“కొలిచింది చాలు సాబ్! ఆయనకు మాటలెట్ల వచ్చినయో, జెర గది అడుగుండ్రి.”