సోమవారం ఫోను

"పోయిన బిడ్డకి తొమ్మిదో నెలేమిటమ్మా? మీరు అన్నం తింటున్నారా, గడ్డి తింటున్నారా?"

ఆ అరుపుకి కుర్చీల్లో వరసగా కూచున్న గర్భిణులు ఉలిక్కిపడ్డారు. అరిచినవాడు బస్సుల షెడ్డులో మెకానిక్. షెడ్డులో అతన్ని సీమమిరపకాయ అంటారు. పనిమంతుడే గానీ కోపం ఎప్పుడూ ముక్కుమీదే ఉంటుంది. ఇవాళ అది ముక్కు దిగి ఆసుపత్రి కౌంటరెక్కింది.

"కాస్త మెల్లగా చెప్పండి సార్. ఏమైంది?" అంది కౌంటర్లో అమ్మాయి.

"ఏమైందా? మా ఆవిడకి ఐదో నెలలో కడుపు పోయింది. ఎక్కడో కాదు, మీ పై వార్డులోనే! నాలుగు నెలలైంది. అయినా సోమవారం పదయ్యేసరికి టంచనుగా మీ మిషన్ ఫోన్ చేస్తుంది." అతను గొంతు సన్నగా చేసి వెక్కిరించాడు. "'నమస్కారమమ్మా! వేళకి తింటున్నారా? నిద్ర పడుతోందా? మనసుకేమైనా దిగులుగా ఉందా? అవునంటే ఒకటి, లేదంటే రెండు నొక్కండి.' ఇవాళైతే తొమ్మిదో నెలొచ్చింది, ఆసుపత్రికి తెచ్చుకునే సంచి సర్దుకున్నారా అంటోంది! పుండుమీద కారం చల్లడానికి మిషన్ కూడా కొన్నారా మీరు?"

అమ్మాయి మొహం పాలిపోయింది. "తప్పే సార్. క్షమించండి."

"క్షమాపణలు తర్వాత. ముందు ఆ ఫోన్ ఆపండి. ఫోనొచ్చిన రోజు ఆవిడ వంటింటి గోడకి చేరగిలబడి కూచుంటుంది. గంటైనా లేవదు."

అది అబద్ధం కాదు. నాలుగు నెలల్లో ఆమె నోటివెంట నాలుగు మాటలు రాలేదు. మనిషి సగమైంది. పొయ్యిమీద పాలు పొంగి స్టవ్ ఆరిపోయినా అలా చూస్తూ నిలబడుతుంది. ఇదంతా ఆ దిక్కుమాలిన ఫోన్ పనేనని అతనికి రూఢి అయిపోయింది. అది ఆగితే భార్య తనకు దక్కుతుంది. ఆగకపోతే ఏ అఘాయిత్యం చేసుకుంటుందోనని భయం. భయం వేసినప్పుడల్లా అతనికి కోపమే వస్తుంది, మరేదీ రాదు.

అమ్మాయి కంప్యూటర్లో వెతికింది. "ఆపమని ఇంతకుముందే రెండుసార్లు చెప్పారు కదా సార్. రెండుసార్లూ ఆపాం."

"మరి ఇవాళ మోగింది నా తలకాయా?"

"ఆపాక వచ్చిన సోమవారమే మళ్ళీ పెట్టమని ఫోనొచ్చింది సార్. ఇంటి మనిషినే అని చెప్పినట్టు రాసుంది."

"ఎవడు వాడు?"

"ఆడమనిషని ఉంది."

మెకానిక్ కళ్ళు ఎర్రబడ్డాయి. ఇంట్లో ఉన్నది ఇద్దరే ఆడవాళ్ళు. జేబులోంచి ఫోన్ లాగి అక్కడే తల్లికి కలిపాడు.

"అమ్మా! ఆసుపత్రికి ఫోన్ చేసింది నువ్వేనా? ఎందుకు చేశావు?"

"నేనా? వచ్చిన ఫోన్ ఎత్తడానికే నాకు కళ్ళు కనబడవు. ఇంక చెయ్యడం కూడానా?" అవతలి నుంచి ముసలామె కూడా ఏమాత్రం తగ్గలేదు. "అయినా నాకెందుకురా ఆ గొడవ? ఆ ఊసెత్తితే ఇల్లు వదిలి పోతానని నువ్వేగా ఎగిరావు? అప్పట్నుంచి కోడల్ని పలకరించాలంటేనే హడలు నాకు. కంచం అక్కడ పెట్టి వచ్చేస్తున్నాను."

"అలాగే ఉండు. ఎవ్వరూ ఏమీ అడక్కండి. అడిగితే గుర్తొస్తుంది." ఫోన్ పెట్టేసి కౌంటరు మీద గుద్దాడు. "విన్నారా? మా ఇంట్లో ఎవరూ పల్లెత్తు మాట అనరు. నేనైతే నాలుగు నెలలుగా ఆ విషయమే కదపలేదు. ఇంత కాపు కాస్తుంటే, ఎవరో దొంగపేరు చెప్పి మా కొంపకి నిప్పు పెడుతున్నారు. అదెవత్తో తేలితేగాని ఇక్కణ్ణుంచి కదల్ను!"

ఇంతసేపూ వెనక గుమ్మంలో నిలబడి వింటున్న పెద్ద నర్సు ముందుకొచ్చింది. తల నెరిసిన మనిషి.

"ఇక్కడికొచ్చే ఫోన్లన్నీ రికార్డవుతాయి. బయటివాళ్ళకి వినిపించకూడదు," అంది.

"నేను బయటివాణ్ణా? అది నా పెళ్ళాం! ఆ గొంతు వినిపించండి. ఎవత్తయినా సరే, ఊరుకోను."

నర్సు అతన్ని ఎగాదిగా చూసింది. "ఊరుకోకండి. మీరు వినాల్సిందే," అంటూ అమ్మాయికి తల ఊపింది.

స్పీకర్లో కాసేపు గరగర. తర్వాత ఒక ఆడగొంతు నిప్పులు చెరుగుతూ వచ్చింది. మెకానిక్ చెయ్యి కౌంటరు మీంచి జారింది. అంత కోపం ఆ గొంతులో అతను ఎన్నడూ వినలేదు.

"ఎవర్నడిగి ఆపారమ్మా? బిడ్డ లేదని నాకు తెలీదా? మోసినదాన్ని నేను, పోగొట్టుకున్నదాన్ని నేను! మా ఆయన ఆపమంటే మాత్రం ఆపేస్తారా? తిన్నావా, నిద్ర పట్టిందా, దిగులుగా ఉందా అని ఈ ఇంట్లో నన్నడిగేది మీ మిషనొక్కటే!"