జాడీ అడుగున చేప

"ముట్టుకున్నానమ్మా, అంతే. పువ్వు విచ్చుకున్నట్టు విచ్చుకుపోయింది," అన్నాడు కాపలాదారు. తుడిచే గుడ్డ ఇంకా అతని చేతిలోనే ఉంది.

మ్యూజియం నేల మీద మూడొందల ఏళ్లనాటి పింగాణీ జాడీ ముక్కలై పడి ఉంది. గుడ్డ తగిలితే పింగాణీ పగులుతుందా అని సూపర్‌వైజర్ వెటకారం చేశాడు. సాయంత్రంలోగా ఇతన్ని ఇంటికి పంపేయాల్సిందేనన్నాడు. మ్యూజియం చిత్రకారుడు మాత్రం, పెద్దాయన చేతులు వణుకుతుంటాయి పాపం, వదిలేయమని జాలిపడ్డాడు.

అధికారిణి వంగి, అడుగు ముక్కను తిరగేసింది. లోపలి వైపు బొటనవేలంత ఎర్ర చేప! హంస మెడలా వంగిన మూతి ఆ జాడీది. వేలు దూరదు, వెలుగూ దూరదు. మెడ అతికించక ముందే ఆ కుమ్మరి ముచ్చటపడి వేసుకున్నాడు కాబోలు.

ఆమెకు ఏదో తట్టింది. ముక్కను పట్టుకుని తన గదికి నడిచింది. మ్యూజియం పుస్తకంలో వేయడానికని చిత్రకారుడు పోయిన వారం ఇచ్చిన జాడీ బొమ్మ బల్ల మీదే ఉంది. ఒక సగం బయటి రూపం, ఇంకో సగం నిలువునా కోసి చూపినట్టు లోపలి రూపం. నీలి లతలు, నెమలి ఈకలు, మెరుపు పూతలో సన్నటి బీటలు... ఇన్నాళ్లూ దీన్ని సరిగా చూడనే లేదే అనుకుంది. చూపు కిందికి జారి ఒకచోట ఆగిపోయింది.

అందరినీ పిలిపించింది.

"బొమ్మకు ప్రాణం పోశారు మాస్టారూ," అంది చిత్రకారుడితో. "లోపలి సగం ఊహించి గీశారా?"

ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. "ఊహా? కంటితో చూడని గీత నా సర్వీసులో ఒక్కటి గీయలేదు మేడమ్. తెలియని చోటు ఖాళీగా వదిలేస్తాను."

"అదే నాకూ కావాలి," అంటూ ఆమె ముక్కను బొమ్మ పక్కన పెట్టింది. ఇక్కడా చేప, అక్కడా చేప. తోక దగ్గర రాలిన పొలుసుతో సహా. "జాడీ ఇవాళ కదా పగిలింది. పోయిన వారం దీన్ని ఎలా చూశారు?"

చిత్రకారుడు కాపలాదారు వైపు చూడలేక చేప వైపే చూస్తుండిపోయాడు.

"జిగురు పెట్టి అతికించాక, దీన్ని గీయకూడదనే అనుకున్నాను మేడమ్. చెయ్యి మాట వినలేదు. జాడీని పగలగొట్టింది నేనే."