ఒకటో నంబరు, రెండో నంబరు

“పేర్లు చెప్పకు సార్. కాయిదాలు చూపియ్యి, చాలు,” అన్నాడు వెంకట్రాజం.

రమాకాంత్ బల్ల మీద రెండు కాగితాలు పెట్టాడు. ఎర్ర సిరాతో ఒకటి, రెండు అని అంకెలు తప్ప వాటి మీద పేర్లు లేవు.

హనుమకొండ చౌరస్తాలో వెంకట్రాజం బట్టల దుకాణం పైగదే ఫుట్‌బాల్ క్లబ్ ఆఫీసు. బజారు వ్యాపారులు కలిసి పెట్టిన క్లబ్బుకు ఆయనే అధ్యక్షుడు. బట్ట కొనేటప్పుడు మిల్లు ముద్రను అరచేత్తో మూసి, వేళ్లతో తడిమి చూడడం ఆయన అలవాటు. పేరు చదివితే వేళ్లు మోసపోతాయంటాడు. హెడ్ కోచ్‌నీ అలాగే ఎంచుకోవాలన్నాడు. రెండు రకాలు పక్కపక్కన పెట్టి చూడందే ఏదీ ఖాయం చేయకూడదన్నది కూడా ఆయన నియమమే.

సాయంత్రం ఐదులోగా కోచ్ పేరు పంపకపోతే ఈ ఏడు లీగ్‌లో జట్టుకు చోటు లేదు. క్లబ్ కార్యదర్శి రమాకాంత్ పాతికేళ్లు కాలేజీలో ఆటలు నేర్పినవాడు. వర్ధన్నపేట నుంచి తొలి బస్సెక్కి ప్రాక్టీసుకు వచ్చే కుర్రాళ్లకు ఆయన ఏం చెప్పాలి? అప్పటికే మూడున్నర.

ఒకటో కాగితం గోవా క్లబ్బుకు కోచింగ్ ఇచ్చిన లెక్క. మూడేళ్లలో అరవై మ్యాచ్‌లు, ముప్పై ఎనిమిది గెలుపులు, ఒక కప్పు. రెండోది ఆ తర్వాతి మూడేళ్లు, కోల్‌కతా క్లబ్బుది. యాభై నాలుగు మ్యాచ్‌లలో పద్నాలుగే గెలుపులు. ఇరవై ఆరు డ్రాలు.

కమిటీలోని మిగతా ఇద్దరిలో స్టీలు సామాన్ల శ్యాంసుందర్ చూడగానే ఒకటో నంబరన్నాడు. మిఠాయి దుకాణం శారద ఒప్పుకోలేదు. కోల్‌కతా జట్టు అంతకుముందు అట్టడుగున ఉందని, సగం మంది ఇరవై నిండని పిల్లలని, అయినా కిందికి జారలేదని వేలు పెట్టి చూపించింది.

“గెలిచే టీమును ఎవలన్న గెలిపిస్తరన్నా. కూలవోయే ఇంటిని నిలవెట్టుడు కష్టం,” అంది.

“డ్రాలు చేసుకుంట కూసుంటె స్టేడియంల నువ్వు, నేనే ఉంటమక్కా.”

వాదన పెరిగింది. శారద తెప్పించిన జిలేబీలు వేడిగా ఉండబట్టి మాటలు కాసేపు చల్లబడ్డాయి. చేతులు కడుక్కుని మళ్లీ కాగితాలు తిరగేశారు. ఈసారి శ్యాంసుందర్‌కి ఆ ఇరవై ఆరు డ్రాలలో ఓడిపోని మొండితనం కనిపించింది. శారదకేమో క్లబ్బుకు ఒక్క కప్పయినా ఉంటే బాగుండుననిపించింది. ఇద్దరూ పక్షాలు మార్చుకుని మళ్లీ మొదలుపెట్టారు.

నాలుగు దాటింది. రమాకాంత్ గడియారం వైపు చూశాడు.

“ఈ ఇద్దరు ఎన్నడన్న ఎదురువడ్డరా సార్?” వెంకట్రాజం అడిగాడు.

“ఒక్కపారి గూడ ఎదురుపడలె సేటు.”

వెంకట్రాజం కాగితాలను నిజంగానే వేళ్లతో తడిమి చూసి నవ్వేశాడు. “రెండు మంచి సరుకే. పక్కపక్కన పెట్టి చూసినం, ఇగ ఫికర్ లేదు. నువ్వే ఒకటి తియ్యి సార్. మేం సంతకం వెడతం.”

రమాకాంత్ రెండో కాగితం తీశాడు. ముగ్గురూ సంతకాలు చేశారు. కలం మూసేటప్పుడు శ్యాంసుందర్‌కి జాలేసింది. అంత చక్కగా గెలిపించినాయనను కాదనుకున్నామే, ఆయన మనసు నొచ్చుకోకుండా చెప్పమన్నాడు. వెంకట్రాజం కిందికి కేకేసి రెండు శాలువాలు తెప్పించాడు, ఒకటి గెలిచినాయనకు, ఒకటి ఓడినాయనకు.

“బాధపడడు సేటు. నాది పూచీ,” అన్నాడు రమాకాంత్.

ఐదుకు పది నిమిషాలుండగా పేరు లీగ్‌కి వెళ్లిపోయింది. రమాకాంత్ శాలువాలు రెండూ చంకన పెట్టుకుని మెట్లు దిగి, కొత్త హెడ్ కోచ్ మొగిలికి ఫోన్ చేశాడు. పాలంపేటలో నాట్ల మధ్య గట్టు మీద ఉన్న మొగిలి సంతోషంతో చేతుల బురద చొక్కాకే తుడుచుకున్నాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

“నాతోని పోటీల ఎవలున్నరు సార్?”

“గట్టోడే ఉండె. ఆఖరిదాక నిన్ను వదలలె.”

దరఖాస్తు వచ్చింది ఒక్కటే. రెండు కాగితాలూ మొగిలివే.